ఎద్దుకు ఉలవలు, ఆటగాడికి చప్పట్లు

ఉగాదికో తిరునాళ్లకో కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో బండలాగుడు పందేలు పెడతారు. మేం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. పందెం నాడు ఎద్దు బండ లాగేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల కోసం యజమాని దాన్ని ఏడాదంతా మేపుతాడు. ఉలవలు ఉడకబెట్టి పెడతాడు. పత్తిగింజలు పెడతాడు. కాలు బెణికితే పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తుతాడు. గెలిస్తే బహుమతి యజమానికే పోతుంది, నిజమే. కానీ ఎద్దు పస్తుండి బండ లాగాలని, అప్పుడే అది అసలైన ఎద్దని ఏ రైతూ అనడు.

కాలేజీ తరఫున ఆడే పిల్లవాడి విషయంలో మాత్రం చదువుకున్న పెద్దమనుషులు సరిగ్గా ఆ మాటే అంటారు. ఆటను ఆట కోసమే ఆడాలట. డబ్బు అడిగితే ఆట మైలపడుతుందట. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదట. మరి వాడు ఏం తిని ఆడాలి? ఆ ప్రశ్నకు జవాబు ఉండదు.

మాకు తెలిసిన ఒక కుర్రవాడి సంగతి చెప్తాం. పేరు చెప్పం, ఊరు చెప్పం, కాలేజీ పేరూ చెప్పం. దూదేకుల ఇంటి పిల్లవాడు. నాయన ఊరూరా తిరిగి పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టే మనిషి. పిల్లవాడు డిగ్రీ చదువుతూ, సెలవు నాడు వెల్డింగ్ షాపులో కూలికి పోయేవాడు. కబడ్డీలో రైడర్. అవతలి కోర్టులోకి పోతే ఇద్దర్ని తాకి గాని తిరిగొచ్చేవాడు కాదు. వాడున్న మూడేళ్లూ కాలేజీకి కప్పులొచ్చాయి. అవి ప్రిన్సిపాల్ గది అద్దాల బీరువాలో చేరాయి. కొత్తగా చేరేవాళ్లకిచ్చే పుస్తకంలో వాడి ఫోటో అచ్చయింది. నాక్ బృందం వచ్చినప్పుడు కాలేజీ సాధించిన క్రీడా బహుమతుల లెక్కలో వాడి కప్పులూ కలిశాయి. వాడికి దక్కింది టోర్నమెంటుకు పోయిన రోజుల్లో బస్సు చార్జీ, భోజనం డబ్బులు, ఒక సర్టిఫికెట్. ప్రాక్టీసుకు పోయిన ప్రతి సెలవునాడూ వెల్డింగ్ షాపు కూలి పోయేది. ఆ నష్టం ఏ లెక్కలోనూ ఎక్కలేదు.

బూట్లు చినిగిపోయిన ఏడాది ఊళ్లో ఒక పెద్దమనిషి పిలిపించాడు. కొత్త బూట్లు, ట్రాక్ సూటు, చేతిలో రెండు వేలు పెట్టాడు. "ఉంచుకోరా, నువ్వు మనోడివి" అన్నాడు. సాయిబుల పిల్లవాడిని ఒక పెద్ద ఇంటి వసారాలో మనోడివి అనడం మామూలు మాటా? వాడు కరిగిపోయాడు. మేమున్నా కరిగిపోయేవాళ్లమే.

తర్వాత ఎన్నికలొచ్చాయి. "అన్న రమ్మంటున్నాడు" అని కబురొచ్చింది. ఎందుకని అడగలేని స్థితిలో వాడున్నాడు, కాళ్లకు ఆయన బూట్లే ఉన్నాయి గనక. వాళ్లమ్మ గుమ్మంలోనే అంది: "ఆ బూట్లు ఇప్పి ఇచ్చేసి రాపో నాయినా. మనకొద్దు." వాడు వినలేదు. బండెక్కాడు. ఆ రాత్రి రెండు వర్గాల మధ్య రాళ్లు పడ్డాయి. కేసులో వాడి పేరు ఎక్కింది. పెద్దమనిషి పేరు ఎక్కలేదు. ఆ తర్వాత వాడి కోసం కాలేజీ నుంచి ఒక్కరూ స్టేషన్ గడప తొక్కలేదు. పైగా బయటివాళ్ల దగ్గర బహుమానాలు తీసుకోవడం తప్పు కదా అన్నారు. ఆ నీతి బూట్లు చినిగిన రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. కాలేజీ కోసం ఆడే పిల్లలకు డబ్బివ్వాలా? వాళ్లు బయటివాళ్ల దగ్గర కానుకలు తీసుకోవచ్చా? మామూలుగా ఈ రెంటినీ ఒకే మూటగా కట్టి, ఔననో కాదనో తేలుస్తారు. మేం ఈ మూట విప్పాలంటున్నాం. మొదటిది కూలి, రెండోది ఇనాం. ఈ తేడా రాయలసీమ మనిషికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

మా ఊళ్లలో దర్గాలో దీపం పెట్టేవాడికి, పీర్లచావిడి చూసుకునేవాడికి, ఊరికి చాకిరీ చేసే రకరకాల కులాలవాళ్లకు రాజులూ నవాబులూ ఇచ్చిన ఇనాం భూములుండేవి. తరాల తరబడి దున్నుకున్నా ఇనాం ఇనామే. ఇచ్చినవాడి దయ మీద నిలబడ్డ భూమి. చాకిరీ తప్పితే భూమి తప్పేది. 1956లో ఆంధ్ర ప్రాంతానికి ఇనాముల రద్దు చట్టం వచ్చింది, ఇనాం భూములను రైత్వారీ పట్టాలుగా మార్చడానికి. అది అందరికీ అందిందా లేదా అన్నది వేరే కథ. కానీ ఇనాంకీ పట్టాకీ తేడా ఏమిటో మా తాతలకు బాగా తెలుసు. పట్టా ఉన్నవాడు పొద్దున్నే లేచి ఎవరికీ సలాం కొట్టనక్కర్లేదు.

ఇనాం మనిషిని ఏం చేస్తుందో భారతంలోనే ఉంది. కురుపాండవుల విద్యా ప్రదర్శనలోకి కర్ణుడు వచ్చాడు. నేనూ విల్లు పట్టగలను, అర్జునుడితో తలపడతానన్నాడు. నీ కులమేది, నీ తండ్రెవరు అన్నారు. అప్పుడు దుర్యోధనుడు లేచి అంగరాజ్యం కట్టబెట్టాడు. మనం చప్పట్లు కొడతాం, ఎంత దొడ్డ మనసని. కానీ కర్ణుడు ఆ రోజు అడిగింది రాజ్యం కాదు. పోటీలో నిలబడే అవకాశం. అది సభ వాడికి హక్కుగా ఇవ్వలేదు, దుర్యోధనుడు దానంగా ఇచ్చాడు. అందుకే ఆ తర్వాత ధర్మమో అధర్మమో చూసుకునే స్వేచ్ఛ కర్ణుడికి లేకపోయింది. తప్పు తీసుకున్న కర్ణుడిదా, ఇవ్వాల్సింది ఇవ్వని సభదా? మా కబడ్డీ పిల్లవాడి విషయంలోనూ మేం అడిగేది ఇదే.

డబ్బు తీసుకోకుండా ఆడేవాడే ఉత్తమ క్రీడాకారుడన్న ఆదర్శం ఎక్కడ పుట్టిందో కూడా చూడాలి. అది మన పల్లెల్లో పుట్టింది కాదు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో భూములూ ఆస్తులూ ఉన్న దొరలు తయారు చేసుకున్నది. వాళ్లు దానికి అమెచ్యూర్ అని పేరు పెట్టారు. 1879లో హెన్లీ పడవ పందేల నిర్వాహకులు అమెచ్యూర్ అంటే ఎవరో నియమం రాసుకున్నారు. మెకానిక్కు, చేతిపనివాడు, కూలివాడు అమెచ్యూర్ కాడన్నారు. పందెంలో డబ్బు తీసుకోకపోయినా సరే, చేతులతో పనిచేసి బతికితే చాలు, అనర్హుడు. ఆ నియమాన్ని 1937లో గాని తీసెయ్యలేదు.

మెకానిక్కు, చేతిపనివాడు, కూలివాడు. ఈ మూడు మాటలు చదివినప్పుడు మాకు కర్నూలు పాతబస్తీ కనిపించింది. పంక్చర్లు వేసేవాళ్లు, వెల్డర్లు, దర్జీలు, బేతంచెర్లలో బండలు కోసి పాలిష్ పట్టేవాళ్లు, దూది ఏకేవాళ్లు. వేల మైళ్ల దూరంలో దొరలు రాసుకున్న నియమం సరిగ్గా మా మొహల్లా జాబితాలాగే ఉంది. ఇప్పుడు అలాంటి నియమం ఎక్కడా రాసి లేదు. రాయనక్కర్లేదు. ఆడితే కూలి పోతుంది, కూలికి పోతే ఆట పోతుంది. పనిపాటల పిల్లవాడు వాడంతట వాడే తప్పుకుంటాడు.

ఆ అమెచ్యూర్ ఆదర్శం బలి తీసుకున్నవాళ్లలో అమెరికా ఆదివాసి జిమ్ థార్ప్ ఒకడు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ బంగారు పతకాలు గెలిచాడు. 1909, 1910 వేసవుల్లో చిన్న జట్ల తరఫున కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడాడని తెలిసి 1913లో ఆ పతకాలు లాక్కున్నారు. ఆ రోజుల్లో కాలేజీ పిల్లలు చాలామంది వేసవిలో అలాగే ఆడేవారు, దొంగ పేర్లు పెట్టుకుని. థార్ప్ తన సొంత పేరుతో ఆడాడు. అదే వాడి నేరమైంది. వాడు 1953లో చనిపోయాడు. పతకాల నకళ్లు 1983లో పిల్లల చేతికొచ్చాయి. ఆ పోటీల ఏకైక విజేతగా ఒలింపిక్ కమిటీ వాడి పేరును పునరుద్ధరించింది 2022లో. నూట పదేళ్లు పట్టింది. దొంగ పేరు పెట్టుకునే తెలివిలేని జాతులవాళ్లం మేమూ అలాంటివాళ్లమే.

జీతం తీసుకుంటే ఆట పాడవుతుందా? మన హైదరాబాదునే చూడండి. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. పేద ముస్లిం బస్తీల నుంచి వచ్చిన పిల్లలకు ఆ పోలీసు జట్టు నెలజీతం ఇచ్చింది. వాళ్లు బంతిని తక్కువగా ప్రేమించారని ఎవరైనా అనగలరా? జీతం వాళ్లను ఏ నవాబు దివాన్‌ఖానాలోనూ నిలబెట్టలేదు. మైదానంలో నిలబెట్టింది.

ఇక కానుకల సంగతి. ఇది మాకు రెండింతలు ప్రమాదం. తొంభైల్లో మా ఇళ్లల్లో పుట్టిన ఎంతమంది పిల్లలకు అజ్హర్ అని పేరు పెట్టుకున్నామో లెక్కలేదు. 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణల మీద బీసీసీఐ మహమ్మద్ అజ్హరుద్దీన్‌ని జీవితకాలం నిషేధించింది. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. నిజానిజాల తీర్పు చెప్పడం మా పని కాదు. ఆ ఏడాది ఇంకా కొందరు క్రికెటర్ల మీద కూడా వేటు పడింది. కానీ వాళ్లు వాళ్ల పేర్లతో పడిపోయారు. అజ్హర్ దగ్గరికొచ్చేసరికి టీ కొట్లో, ఆఫీసులో, క్లాసులో మమ్మల్ని అడిగారు, మీవాడు ఇలా చేశాడేంటని. మేము టీవీలో తప్ప ఎన్నడూ చూడని మనిషికి మేము సంజాయిషీ చెప్పాల్సి వచ్చింది. ముస్లిం పిల్లవాడు చీకట్లో ఒక కవరు అందుకుంటే ఆ కవరులో వాడి మొహల్లా మొత్తం ఉంటుంది.

అందుకని మేం కానుకలకు వ్యతిరేకం. ఇది పవిత్రత గురించి కాదు. చెయ్యి చాచినవాడు తల ఎత్తలేడన్న అనుభవం గురించి.

మా మతంలోనూ ఈ విచక్షణ ఉంది. హదియా వేరు, రిష్వత్ వేరు. ప్రేమతో ఇచ్చేది ఒకటి, పని కోసం ఇచ్చేది ఇంకొకటి. గుర్రప్పందేలు, విలువిద్య పోటీల గురించి ఫిఖా పండితులు ఎప్పుడో చర్చించారు. ఆడనివాడెవడో గెలిచినవాడికి బహుమతి ఇస్తే సరేనన్నారు. ఆడేవాళ్లందరూ తలా కొంత వేసి, గెలిచినవాడు మొత్తం ఎత్తుకుపోతే అది జూదమన్నారు. ఇప్పుడు మన మొహల్లాల్లో రాత్రిపూట లైట్లు పెట్టి ఆడే టెన్నిస్ బాల్ టోర్నమెంట్లలో ఎంట్రీ ఫీజులన్నీ పోగేసి ప్రైజు మనీ చేస్తున్నారు. దాని మీద మన పెద్దలు నోరు మెదపరు. అదే పిల్లవాడు కాలేజీని నెలకింత ఇవ్వండని అడిగితే డబ్బాశ అంటారు. కూలిని ఆలస్యం చెయ్యొద్దని, పనిచేసినవాడి హక్కు ఎగ్గొట్టొద్దని జుమా రోజు ఎన్నిసార్లు వినలేదు? ఆటగాడి చెమట చెమట కాదా?

అమ్మాయిల విషయం ఇంకా ముఖ్యం. కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రీన్ 2022 మేలో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం గెలిచింది. మా ఇళ్లల్లో ఆ వార్త చెప్పుకుని సంతోషపడ్డాం. కానీ ఆట మొదలుపెట్టే అమ్మాయికి రాకెట్ ఎవరు కొనిచ్చారన్న ప్రశ్న అబ్బాయికి ఎదురైనట్టు ఎదురుకాదు. బయటి మగవాడు కొనిచ్చిన బూట్లు అమ్మాయి ఇంటికి తెస్తే, బూట్ల కంటే ముందు పుకారు ఇంటికి చేరుతుంది. ఆ మర్నాడే ఆట మాన్పిస్తారు. అదే డబ్బు కాలేజీ నుంచి, అందరికీ ఒకే లెక్కన, ఆమె పేరున ఉన్న బ్యాంకు ఖాతాలో పడితే పుకారుకు చోటుండదు. నలుగురికీ తెలిసేలా ఇచ్చే కూలి ఆడపిల్లకు రక్షణ కూడా.

మాకు జవాబుగా కొందరు పతకాలొచ్చాక ప్రభుత్వాలిచ్చే బహుమానాలు చూపిస్తారు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయ్యాక తెలంగాణ ప్రభుత్వం 2 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024లో డీఎస్పీ ఉద్యోగమూ ఇచ్చింది. సంతోషం. ఆమెకు అది తక్కువే. కానీ అది ఒడ్డు చేరినవాళ్ల మెడలో వేసే దండ. ఈదుతున్నవాళ్ల సంగతి? వందమంది ఆడితే ఒక్కరు గెలుస్తారు. ఆ ఒక్కరి కోసం మిగతా తొంభై తొమ్మిది మంది కూడా ప్రాక్టీసు చేశారు, దెబ్బలు తిన్నారు. ఇంకో సంగతి. గెలిచినప్పుడు మమ్మల్ని మనవాళ్లనడం మాకు కొత్త కాదు. ఓడిపోయిన రోజు కూడా మనవాళ్లేనా అన్నదే మా ప్రశ్న. గెలిస్తేనే దక్కే గౌరవం కూడా ఒక రకం ఇనామే.

ఆట ప్రేమ పోతుందనే వాదం ఒకటుంది. పంతుళ్లకు జీతమిస్తే చదువు మీద ప్రేమ పోతుందని ఎవరూ అనరు. పైసా ఆశించని ప్రేమను ఎప్పుడూ ఉన్నవాళ్లనే ఎందుకడగరు? మరో వాదంలో మాత్రం బలముంది. మన కాలేజీ ఆటలకు టికెట్లు అమ్ముడుపోవు, టీవీ హక్కులుండవు, డబ్బెక్కడిదంటారు. అమెరికాలో కాలేజీ ఆటలు వేల కోట్ల వ్యాపారం. అక్కడ 2021 జూన్‌లో సుప్రీంకోర్టు చదువుకు సంబంధించిన సాయం మీద ఆటల సంఘం పెట్టిన పరిమితులు చెల్లవని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకగ్రీవంతో చెప్పింది. ఆ జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చన్నారు. 2025లో కుదిరిన కోర్టు రాజీ ప్రకారం ఒక్కో విశ్వవిద్యాలయం మొదటి ఏడాది 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా నేరుగా ఆటగాళ్లకు పంచవచ్చు. కానీ అక్కడా చూడండి, డబ్బున్న అభిమానులు కూటములు కట్టి ప్రకటనల పేరుతో ఆటగాళ్లను తమ జట్టుకు లాక్కుంటున్నారు. పెద్ద వాటా మగవాళ్ల ఫుట్‌బాల్‌కూ బాస్కెట్‌బాల్‌కూ పోతోంది. ఆ సంత మాకొద్దు. వ్యాపారంలో వాటా మేం అడగడం లేదు, వ్యాపారమే లేదు గనక. మేం అడిగేది ఉలవలు.

ఉలవలకు డబ్బు ఉంది. ప్రతి విద్యార్థి దగ్గరా గేమ్స్ ఫీజు వసూలు చేసే కాలేజీలున్నాయి. ఆ లెక్క ఏనాడైనా నోటీసు బోర్డు మీద పెట్టారా? ఖేలో ఇండియా పథకం కింద ఎంపికైన క్రీడాకారులకు నెలకు 10,000 రూపాయల చేతిఖర్చు ఇస్తున్నారు. అంటే ఆడేవాడికి నెలనెలా డబ్బివ్వడం తప్పు కాదని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఆ జాబితాకెక్కని కాలేజీ పిల్లల సంగతే మిగిలింది. కాలేజీ జట్టుకు ఎంపికైన ప్రతి పిల్లవాడికీ, పిల్లకీ పోయిన కూలి దినాలకు సరిపడా డబ్బు నెలనెలా బ్యాంకులో వెయ్యాలి. బూట్లు, తిండి కాలేజీ ఖర్చు. ఆడుతూ మోకాలు విరిగితే నయమయ్యేదాకా వైద్యం కాలేజీదే, చదువు అయిపోయినా సరే. బయటివాళ్లు ఎవరైనా ప్రేమతో ఇవ్వదలిస్తే జట్టు పేరున ఇవ్వాలి, రిజిస్టరులో రాయాలి, అది ఎవరైనా చూడొచ్చు. రాజకీయాల్లో ఉన్నవాళ్ల దగ్గర, బెట్టింగులవాళ్ల దగ్గర పైసా ముట్టకూడదు. అప్పుడు కానుక తీసుకున్నవాడిని నిలదీసే నైతిక హక్కు కాలేజీకి వస్తుంది. కూలి ఎగ్గొట్టినవాడికి ఆ హక్కు లేదు.

ఇందులో ముస్లింల ప్రశ్న ఏముంది, పేదవాళ్లందరి ప్రశ్నే కదా అని మీలో కొందరు అడగొచ్చు. అవును, మాదిగ పిల్లవాడిదీ, బోయ పిల్లవాడిదీ, సుగాలి పిల్లదీ ఇదే ప్రశ్న. మేం వాళ్లతో కలిసే అడుగుతున్నాం. కాకపోతే దయకూ హక్కుకూ మధ్య తేడా మాకు రోజూ గుర్తుచేస్తారు. రిజర్వేషన్ గురించి మాట్లాడితే మీకు ఇచ్చాం కదా అంటారు. ఉండనిచ్చాం కదా అని కూడా అంటారు. ఇచ్చాం, ఇచ్చాం అనే మాట వినీ వినీ మా చెవులు కాయలు కాశాయి. ఒక్కచోటైనా, ఒక కబడ్డీ కోర్టులోనైనా, ఇదిగో నీకు రావలసింది అనే మాట వినాలని ఉంది.

మా కుర్రవాడు ఇప్పుడు ఆడటం లేదు. వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. కేసు కొట్టేశారు గాని, వాయిదాలకు తిరిగిన ఏళ్లు కొట్టివేత కాలేదు. సాయంత్రం పూట మొహల్లా పిల్లలకు కబడ్డీ నేర్పుతాడు. కొత్తగా ఎవరైనా మంచి బూట్లతో వస్తే ఆట మొదలుపెట్టే ముందు ఒకటే అడుగుతాడు: "ఎవరు కొనిచ్చారురా?" నాయన కొనిచ్చాడంటే సరేనంటాడు. కాలేజీ ఇచ్చిందనే జవాబు వాడు ఇంతవరకు వినలేదు. ఉగాదికి బండలాగుడు చూడ్డానికి మాత్రం తప్పకుండా పోతాడు. ఎద్దుల కంటే ముందు వాటి గాడి దగ్గరికి పోయి, ఏం మేపుతున్నారని అడిగి వస్తాడు.